కలిపామన్నారు, కలవనివ్వలేదు: ఆడియో నాటకాలు తీసేవారికి ఒక శ్రోత బహిరంగ లేఖ

సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటకాల నిర్మాతలకు, రచయితలకు, దర్శకులకు, శబ్దం కూర్చే నిపుణులకు,

విషయం: పాత సహయాత్రికులను మళ్లీ కలుపుతున్నామని చెప్పి అమ్మిన ఒక డాక్టర్ హూ ఆడియో నాటకం గురించి, దానిపై రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాకపోవడం గురించి.

నమస్కారం.

మీ వృత్తి మీద నాకున్న గౌరవం గురించి ఎక్కువ చెప్పను. పదిహేడేళ్లుగా నా జీతంలోంచి ఎంతో కొంత మీ నాటకాలకే పోతోంది, సాక్ష్యానికి అది చాలు.

మీలో ఒక సంస్థ నిరుడు ఒక నాటకం విడుదల చేసింది. విడుదలైన వారానికి నేనొక ఉత్తరం రాశాను. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని అదే నిమిషంలో జవాబొచ్చింది. మనిషి చదివి రాసిన జవాబు అంత త్వరగా రాదు కదా. ఆరు వారాలు ఆగి రెండోది రాశాను. ఈసారి యంత్రం కూడా పలకలేదు. ఆ రెండూ ఇంగ్లిష్‌లో రాసినవి. ఇది తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఈ నాటకాలు వినే తెలుగువాళ్లు నేననుకున్నదాని కంటే ఎక్కువమందే ఉన్నారని ఈ మధ్యే తెలిసింది. వాళ్లూ చదవాలి. అనువాదం చేయించుకునే శ్రమ ఈసారి మీది.

నాటకం పేరు రాయను. విన్నవాళ్లకు తెలిసిపోతుంది, విననివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. సంస్థ పేరూ రాయను, ఇందులోని తప్పులు ఒక్కరివే కావు కాబట్టి. నటుల పేర్లు అసలే రాయను. ఇచ్చిన మాటలు వాళ్లు ప్రాణం పెట్టి పలికారు. ఆ మాటల్లోనే ఏమీ లేదు.

డాక్టర్ హూ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. 1963 నవంబరు 23న బీబీసీ టీవీలో మొదలైన ధారావాహిక ఇది. మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. డాక్టర్ అనే గ్రహాంతరవాసి నీలం రంగు పోలీసు పెట్టెలా కనిపించే యంత్రంలో కాలాల్లో, లోకాల్లో తిరుగుతుంటాడు. చావు దగ్గరపడితే రూపం, గొంతు, స్వభావం అన్నీ మారి మళ్లీ లేస్తాడు. అవతారాల కథలు వింటూ పెరిగిన మనకు దీన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. ఆయన వెంట ప్రతిసారీ ఒకరో ఇద్దరో ముగ్గురో మామూలు మనుషులు వెళ్తారు. కొన్నాళ్లు తిరుగుతారు, తర్వాత దిగిపోతారు. కొందరిని దింపేస్తారు, కొందరు చచ్చిపోతారు. నావరకు కథంతా వాళ్లదే. డాక్టర్‌కి ఇంకో రూపం వస్తుంది, వీళ్లకు రాదు.

ఇక మా అన్నయ్య సంగతి చెప్పాలి, ఈ లేఖకు అసలు కారణం ఆయనే.

అన్నయ్య తెనాలిలో ఉంటాడు. బ్యాంకులో పనిచేసేవాడు. నలభై దాటేసరికి రెటీనా జబ్బుతో చూపు పూర్తిగా పోయింది. నేను ఇంగ్లండులో లెస్టర్ దగ్గర రాత్రిపూట సరుకుల వ్యాన్ నడుపుతాను. చిన్నప్పుడు ఇద్దరం ఒకే రేడియో ముందు బోర్లా పడుకుని ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలు వినేవాళ్లం. సంక్షిప్త శబ్ద చిత్రం వస్తే ఇక లేచేదే లేదు. సినిమా మొత్తాన్ని గంటకు కుదించి, బొమ్మ లేకుండా వినిపించేవారు. చూడని సినిమాలు కూడా మాకు చూసినట్టే ఉండేవి. తర్వాత థియేటర్లో చూస్తే హీరోయిన్ చీర రంగు మేమనుకున్నది కాదని అన్నయ్య గొడవ పెట్టేవాడు.

ఇక్కడికొచ్చాక నాకొక సంగతి తెలిసింది. 1967 నుంచి 1978 దాకా బీబీసీ తన పాత టేపులు చెరిపేసింది, ఫిల్ములు పారేసింది. అరవైల నాటి డాక్టర్ హూలో తొంభైకి పైగా ఎపిసోడ్లకు బొమ్మ లేకుండా పోయింది. కానీ పోయిన ప్రతి ఎపిసోడ్‌కూ శబ్దం మిగిలింది. అప్పటి అభిమానులు కొందరు ఇంట్లో టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసి దాచుకున్నారు. దశాబ్దాల తర్వాత ఆ శబ్దాన్ని శుభ్రం చేసి, మధ్యమధ్య వ్యాఖ్యానం కలిపి సీడీలు వేశారు. సహయాత్రికులుగా నటించినవాళ్లే కొన్నిటికి ఆ వ్యాఖ్యానం చదివారు. ఒక సీడీ అన్నయ్యకు పంపాను. మర్నాడు ఫోన్ చేసి, ‘ఒరేయ్, ఇది మన సంక్షిప్త శబ్ద చిత్రమే కదరా!’ అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు ఇది నాకన్నా ఎక్కువ పిచ్చి.

నిరుటి నాటకం ప్రకటన రాగానే రెండు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి ఆయనకు. ఒక్కోటి 20 పౌండ్లు. మన లెక్కలో రెండు వేల పైచిలుకు. (ఒకటి కొని ఇద్దరం వినొచ్చు కదా అంటారు కొందరు స్నేహితులు. అన్నయ్య ఒప్పుకోడు. బ్యాంకులో చేసిన మనిషి.) అట్ట మీద పాత సహయాత్రికుల ముఖాలు నలుగురివి, కింద ‘మళ్లీ కలిశారు’ అని. అన్నయ్యకు అట్ట కనపడదు కాబట్టి నేనే ఫోన్లో వర్ణించాను. ‘నలుగురూనా!’ అన్నాడు. ఆ గొంతులో ఉన్న సంబరాన్ని మీరు వినుంటే ఈ లేఖ అవసరం ఉండేది కాదేమో.

ఇక మా అభ్యంతరాలు.

1. కలయిక అన్నది నాటకంలో లేదు.

రెండు గంటల పైన నడిచే నాటకం. విడిపోయి దశాబ్దాలైన మనుషులు మొదటిసారి ఎదురుపడే ఘట్టం నేను గడియారం పెట్టి చూస్తే 41 సెకన్లు. ఒకరు ‘నువ్వా!’ అంటారు. రెండోవారు ‘నువ్వేనా!’ అంటారు. వెంటనే పేలుడు. ‘పరిగెత్తండి!’ తర్వాత నలుగురినీ నాలుగు గదుల్లో బంధిస్తారు. చివరి అరగంట దాకా మళ్లీ ఒకచోటికి రారు. వచ్చాక మాట్లాడుకునేది యంత్రాన్ని ఎలా ఆపాలో.

మా నాయనమ్మ వయసులో ఉండగా పక్కూరి ఆవిడతో కలిసి కాశీ వెళ్లొచ్చింది. ఇద్దరూ ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిశారు. నేను పక్కనే ఉన్నాను. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అప్పుడు నాయనమ్మ, ‘మోకాళ్లెలా ఉన్నాయే?’ అంది. ఆవిడ, ‘నీ చెవులెలా ఉన్నాయి?’ అంది. కాశీ మాట, గంగ మాట, విశ్వనాథుడి మాట సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు కూడా దర్శనం గురించి కాదు, రైల్లో పోయిన ఇత్తడి చెంబు గురించి. అది ఎవరి వల్ల పోయిందో అప్పటికీ తేలలేదు. మీ నలుగురి మధ్యా అలాంటి చెంబు ఒక్కటి కూడా లేదు.

ఈ ధారావాహికకు ఇలాంటి ఘట్టం చేతకాదని అనడానికి లేదు. మొదటి సహయాత్రికుల్లో ఒకడైన ఇయాన్ అనే బడిపంతులు పాత్ర వేసిన విలియం రసెల్ 1965లో కథలోంచి వెళ్లిపోయారు. 2022 అక్టోబరులో, 97 ఏళ్ల వయసులో, ఒకే ఒక్క చిన్న దృశ్యంలో కనిపించారు. పాత సహయాత్రికులంతా కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుని తమ కథలు చెప్పుకుంటుంటారు. డాక్టర్ ఇప్పుడు ఆడమనిషి అని ఆ పెద్దాయనకు అప్పుడే తెలుస్తుంది. అంతే, అందులో ఇంకేమీ లేదు, పేలుడు అంతకన్నా లేదు. అన్నయ్యకు ఆ దృశ్యాన్ని నేను ఫోన్లోనే చెప్పాను. చెబుతుంటే నా గొంతే పట్టేసింది.

అంతకు ముందుకు వెళ్తే 1964 డిసెంబరు 26న సూజన్ కథ ముగిసింది. డాక్టర్ సొంత మనవరాలు. ఆ పిల్ల ఒకతన్ని ప్రేమించింది, తాతని వదలలేకపోతోంది. తాతే లోపలినుంచి యంత్రం తలుపు మూసేసి, మళ్లీ వస్తానని మాటిచ్చి వెళ్లిపోతాడు. అప్పగింతల వేళ పందిట్లో నిలబడ్డ తెలుగువాడెవడికైనా ఆ తలుపు ఎందుకు మూశాడో అర్థమవుతుంది. ఆ తలుపుకి ఈ పక్కన ఇన్నేళ్లు గడిపిన మనిషి మళ్లీ ఎదురైతే ఏమంటుంది? ఏ రచయితకైనా రాయడానికి ఇంతకన్నా పెద్ద సరుకేం కావాలి? ఇలాంటి సరుకు చేతిలో పెట్టుకుని మీరు గదులకు తాళాలు వేయించారు.

2. ‘అదిగో చూడు’ అన్న మాట ఈ నాటకంలో నేను లెక్కపెట్టినంతవరకు 34 సార్లు వచ్చింది.

‘అదిగో చూడు, ఆ ఎర్రదీపం వెలుగుతోంది!’ ‘అయ్యో, నీ చేతిలో ఉన్నది తుపాకీ కదా!’ పక్కనున్న మనిషికి కనిపిస్తున్నదాన్ని పక్కనున్న మనిషికే చెప్పడం. ఇది రేడియో నాటకం పుట్టిన రోజుల్లోనే వదిలించుకున్న జబ్బు. మా విజయవాడ కేంద్రం నాటకాల్లో అర్ధరాత్రి ఊరి చివర అనడానికి ఒక కీచురాయి, దూరంగా ఒక కుక్క చాలేవి. ‘అబ్బ, ఎంత చీకటిగా ఉందో’ అని ఎవరూ అనేవారు కాదు.

మా అన్నయ్య అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘వీళ్లు గుడ్డివాళ్ల కోసం రాస్తున్నామనుకుని, చెవిటివాళ్ల కోసం రాశారురా.’ చూపు లేనివాళ్లు మీ శ్రోతల్లో ఒక మూలనున్న కొద్దిమంది కారు. టీవీ, సినిమా, గ్రాఫిక్స్ అన్నీ వాళ్లను వదిలేసి వెళ్లిపోయాక మిగిలింది మీరే. వాళ్లకు మీరు దారి వర్ణించి చెప్పనక్కర్లేదు. ఎవరు ఎటునుంచి నడిచొచ్చారో, గది పెద్దదో చిన్నదో, మాట్లాడే మనిషి మొహం తిప్పుకున్నాడో లేదో వాళ్లు వినగలరు. మీరు వినిపిస్తే.

3. జ్ఞాపకాలు హాజరుపట్టీ అయిపోయాయి.

ఒక్కో పాత్రా వచ్చి తను ఒకప్పుడు ఏ గ్రహం మీద ఏ రాక్షసుణ్ణి చూసిందో పేర్లు చదువుతుంది. పాత అభిమానులు ‘ఆహా, అదీ గుర్తుందా’ అని మురిసిపోవాలని కాబోలు. మురిసిపోవడానికి నాకు పదకోశం చాలు, నాటకం అక్కర్లేదు. పైగా కొత్తగా వినేవాళ్లు బయటే నిలబడిపోతారు. మా అన్నయ్య కూతురు డిగ్రీ చదువుతోంది, నాన్నతో కలిసి వింటానని కూర్చుంది. ఇరవై నిమిషాల్లో లేచి వెళ్లిపోయింది. ‘చుట్టాల ఫంక్షన్‌కి వచ్చినట్టుంది బాబాయ్, అందరూ నాకు తెలియనివాళ్ల గురించే మాట్లాడుతున్నారు’ అంది.

4. వయసు దాచారు.

నాకు అన్నింటికంటే కష్టం కలిగించింది ఇది. గొంతులకు వయసొచ్చింది. రావాలి కూడా, నలభై ఏళ్లయింది. ఊపిరి పొట్టిదయింది, చివరి అక్షరం కాస్త వణుకుతోంది. ఆ వణుకులో ఎంత కథ ఉంది! కానీ మీ స్క్రిప్టు ప్రకారం వాళ్లింకా పాతికేళ్ల కుర్రాళ్లు. గోడలు దూకుతారు, గొట్టాల్లో పాకుతారు. బొమ్మ లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నట్టున్నారు. బొమ్మ లేనప్పుడే గొంతు వయసు ఎక్కువ తెలుస్తుంది.

ఇదే లోకంలో 2010లో ఒక ఆడియో నాటకం వచ్చింది. ఐదో డాక్టర్, ఆయన సహయాత్రికులు టీగన్, టర్లో, వాళ్లను వదిలి వెళ్లిన మరో సహయాత్రికురాలు నిస్సా మళ్లీ కలుస్తారు. వాళ్లకు ఆమె వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. ఆమెకు మాత్రం 50 ఏళ్లు గడిచిపోయాయి. ఒక్క ఏర్పాటు! నటి గొంతులో వచ్చిన మార్పును దాచే పనే లేకుండా పోయింది, అదే కథ అయింది. నిన్న విడిపోయిన స్నేహితురాలు ఇవాళ అమ్మమ్మ వయసులో ఎదురైతే ఏం మాట్లాడతావు? ఎవరికి ఎవరు పెద్ద? ఆ ప్రశ్న నడుస్తుంటే రాక్షసులు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, చెప్పడం ఇష్టం లేకపోయినా. 1993లో బీబీసీ రేడియోలో మూడో డాక్టర్‌గా జాన్ పెర్ట్‌వీ, ఆయన స్నేహితుడైన సైనికాధికారి బ్రిగేడియర్‌గా నికొలస్ కోర్ట్‌నీ, సహయాత్రికురాలు సారా జేన్‌గా ఎలిజబెత్ స్లేడెన్ ముగ్గురూ మళ్లీ కలిసి ఒక నాటకం చేశారు. అది గొప్ప కథని నేననను. కానీ పెర్ట్‌వీ 1996లో పోయారు. మిగతా ఇద్దరూ 2011లో రెండు నెలల తేడాలో పోయారు. ఇయాన్‌తో పాటు మొదటి సహయాత్రికుల్లో ఒకరైన బార్బరా పాత్ర వేసిన జాక్వెలిన్ హిల్ 1993లోనే వెళ్లిపోయారు. విలియం రసెల్ 2024 జూన్‌లో, 99 ఏళ్ల వయసులో. మీరు చేయించుకున్న ప్రతి రికార్డింగూ ఆఖరిది కావచ్చు. ఆ గొంతులతో మీరు ఆ రెండు గంటలూ గొట్టాల్లో పాకించారు. ఇంకోసారి బాగా తీస్తాంలే అనడానికి మీ దగ్గర ఎంత కాలం ఉంది?

5. శబ్దం గోడలా ఉంది, అందులో కిటికీ లేదు.

నేను వినేది వ్యాన్లో. ఇంజను మోత, వాన, లారీలు. మీ నాటకంలో గుసగుస వినపడాలని వాల్యూమ్ పెంచితే మరుక్షణం పేలుడుకు స్టీరింగ్ మీద చెయ్యి అదిరింది. తగ్గిస్తే మాట పోయింది. మాట కింద ఆగకుండా సంగీతం. ముగ్గురి గొంతులు ఒకే ఎత్తులో, ఒకే దూరంలో. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియక అన్నయ్య మూడుసార్లు వెనక్కి తిప్పాడు. తెర కనపడని మనిషికి సరిగ్గా ఆ క్షణానికే వెనక్కి తిప్పడం అంత తేలిక కాదు, ఒకసారి కళ్లు మూసుకుని మీ ఫోన్‌తో ప్రయత్నించండి.

1963లో డాక్టర్ యంత్రం కదిలే శబ్దాన్ని బ్రయన్ హాడ్జ్‌సన్ పాత పియానో తీగ మీద ఇంటి తాళంచెవితో గీకి పుట్టించారు. రాన్ గ్రేనర్ కట్టిన, ధారావాహిక పేరుతో పాటు మోగే సంగీతాన్ని డీలియా డెర్బీషైర్ టేపు ముక్కలు కత్తిరించి, అతికించి తయారుచేశారు. ఆ రెండు శబ్దాలకూ అరవై ఏళ్లు దాటినా ముసలితనం రాలేదు. ఇప్పుడు మీ కంప్యూటర్లో రెడీమేడ్ శబ్దాలు వేలల్లో ఉంటాయి, అన్నీ ఒకేసారి వాడకపోతే నేరమా?

1982 మార్చిలో అడ్రిక్ అనే కుర్ర సహయాత్రికుడు చనిపోయినప్పుడు ఆ ఎపిసోడ్ చివర పేర్లు సంగీతం లేకుండా నడిచాయి. ఎప్పుడూ మోగే ఆ సంగీతం ఆ ఒక్కరోజు మోగలేదు. అప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ నిశ్శబ్దం గురించే చెబుతారు. మీ నాటకంలో నిశ్శబ్దం నాలుగో భాగంలో నాలుగు సెకన్లు ఉంది. నా డౌన్‌లోడ్ ఆగిపోయిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

6. కథ ముగియలేదు. మిగతాది ఇంకో పెట్టెలో, ఇంకో 20 పౌండ్లకు. ఆ మాట అట్ట మీద ఎక్కడా లేదు.

ఇవి నా ఒక్కడి సణుగుడు అనుకుంటే పొరపాటు. నాలాగా రాత్రి బళ్లు నడిపేవాళ్లు, ఆసుపత్రుల్లో రాత్రి కాపలా కాసేవాళ్లు, మంచం దిగలేని పెద్దవాళ్లు, చూపు లేనివాళ్లు మిమ్మల్ని వింటున్నారు. ఖాళీ దొరికి వినేవాళ్లం కాదు మేము. చేతులో కళ్లో ఖాళీ లేక వినేవాళ్లం. సినిమా బాగాలేకపోతే జనం లేచి ఇంకో సినిమాకు పోతారు. మాకు పోవడానికి ఉన్న చోట్లు తక్కువ. విజయవాడ కేంద్రం నాటకాల కోసం వారమంతా ఎదురుచూసిన ఇద్దరు పిల్లలకు అది ఇంకా బాగా తెలుసు.

అందుచేత మేము కోరుతున్నవి ఇవి:

1. పాత సహయాత్రికులను కలుపుతున్నామని అమ్మే ప్రతి నాటకానికీ, ఆ నటులు ఒకే గదిలో కలిసి రికార్డు చేశారా, ఎవరింట్లో వాళ్లు విడివిడిగా చేశారా అన్నది కొనే పేజీలోనే రాయాలి. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్ల నుంచి రికార్డు చేయడం తప్పలేదు, దాన్నెవరూ తప్పుపట్టలేదు. ఆ అవసరం పోయాక అది పొదుపు మార్గంగా మిగిలితే మాకు తెలియాలి. ఒకరి ఊపిరి ఒకరు విని పలికిన మాటకూ, ఖాళీ గదిలో పలికిన మాటకూ తేడా చెవికి తెలుస్తుంది.

2. విడుదలకు ముందు చూపు లేని శ్రోతలు కనీసం ఐదుగురికి వినిపించాలి. ఉచితంగా కాదు, డబ్బిచ్చి. వాళ్లకు అర్థం కాని చోట మాట చేర్చకండి, శబ్దం తగ్గించండి.

3. మాట స్పష్టంగా, సంగీతం వెనక్కి తగ్గిన రెండో మిక్సింగ్ ఒకటి అదే ధరకు ఇవ్వాలి. బళ్లు నడిపేవాళ్లకు, వినికిడి తగ్గినవాళ్లకు అది ఎంతో మేలు.

4. కథ అదే పెట్టెలో ముగియకపోతే అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. ముగుస్తుందనుకుని కొన్నవాళ్లు అడిగితే డబ్బు వెనక్కివ్వాలి. నేను అడగడం లేదు. నాకు కావాల్సింది ఐదోది.

5. ఆ నలుగురినీ ఇంకోసారి పిలవండి. రాక్షసులు వద్దు, పేలుళ్లు వద్దు, విశ్వం ప్రమాదంలో పడక్కర్లేదు. ఒక గది, నాలుగు కుర్చీలు, టీ కెటిల్. వాన పడుతుంటే ఇంకా మంచిది. అరగంట చాలు. ఖర్చు మీరు పేలుళ్లకు పెట్టినదానిలో సగం కూడా కాదు. రాసేవాళ్లు ముందుగా ఆ నటులనే కూర్చోబెట్టి, మీ పాత్ర ఈ ఇన్నేళ్లూ ఏం చేసి ఉంటుందనుకుంటున్నారని అడగండి. నలభై ఏళ్లుగా అభిమానులు అడుగుతుంటే జవాబు చెబుతున్నవాళ్లు, మీకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

6. ఈ లేఖకు ఒక మనిషి చేత జవాబు రాయించండి. ఇంగ్లిష్‌లో రాసినా పర్వాలేదు.

మా అన్నయ్య మూడో భాగం మధ్యలో ఆపేశాడు. మొన్న ఆదివారం ఫోన్లో, ‘చివరికి నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటార్రా?’ అని అడిగాడు. లేదని చెప్పలేక, లైన్ సరిగ్గా లేదన్నాను. ఈ ఆదివారం మళ్లీ అడుగుతాడు.

ఇట్లు,
లెస్టర్ నుంచి ఒక శ్రోత, తెనాలిలో ఉన్న అన్నయ్య తరఫున కూడా